పాత జీపు... అసలా, అతుకులా?

ఎండాకాలం వచ్చిందంటే రెంటచింతల పేరు పేపర్లో కనిపించాల్సిందే. మనుషుల్ని మాడ్చేసే ఆ పొడి ఎండ ఒక్కదానికి మాత్రం మేలు చేస్తుంది... పాత ఇనుముకి! మచిలీపట్నం ఉప్పుగాలికి చిల్లులు పడే రేకు పల్నాడు దొడ్లో అంత తొందరగా తుప్పు పట్టదు. కాబట్టి మీ ఇంట్లో తాతగారి కాలం నాటి జీపు మూలనపడి ఉంటే, దాన్ని పాత సామాన్లకి వేసేముందే కాదు... బాగుచేయిద్దామని షెడ్డుకి పంపేముందు కూడా కాస్త ఆగండి.

ఎందుకంటే షెడ్డులో మొదట చేసేది పాత రంగు గీకెయ్యడం. ఆపైన టింకరింగ్, లప్పం, కొత్త రంగు. బండి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే గుర్తులు ఆ పొడితోనే పోతాయి. డబ్బు పోసినా మళ్లీ రావు.

జీపు పుట్టిల్లు అమెరికా. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఒకే నమూనాలో ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. మన దేశంలో 1947 నుంచి మహీంద్రావాళ్లు విల్లీస్ జీపుల్ని బిగించి అమ్మారు. మరి మీది ఏది?

ముందువైపు జాలీ చూడండి. తొమ్మిది సందులుంటే యుద్ధకాలపు పోలిక, ఏడుంటే ఆ తరవాత జనం కోసం చేసినది. వెనక తెరుచుకునే తలుపు కూడా జనం బండికే ఉంటుంది. యుద్ధకాలపుదే అయితే రేడియేటర్ కింద ఛాసిస్ అడ్డకమ్మీ తడమండి. గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లీస్, బోర్లించిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ అయితే బోల్టుల తలలమీద 'ఎఫ్' అక్షరమూ కనిపిస్తుంది.

తరవాత ఆర్సీ పుస్తకం తీయండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లమీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి సరిచూసుకోండి. నంబరు పలక ఒక్కటే నమ్మకండి, పలకలు మార్చడం తేలిక. పెట్రోలు భారమై డీజిల్ ఇంజిన్ ఎక్కించిన జీపులు మన దగ్గర లెక్కలేనన్ని. రేకుమీద అయస్కాంతం అతుక్కోకపోతే కింద మందంగా లప్పం ఉన్నట్టే. డ్యాష్‌బోర్డు కింద ఓ మూల సన్నని ఉప్పుకాగితంతో రుద్దితే రంగులు పొరలు పొరలుగా బయటపడతాయి. అట్టడుగున ఉన్నదే తొలిరంగు కావచ్చు. ప్రతిదీ ఫొటో తీసిపెట్టుకోండి.

అమెరికాలోనూ ఇదే తంటా! అక్కడ 'మజిల్ కార్ల'కి గిరాకీ ఎక్కువ. షెవర్లే వాళ్ల షెవెల్ ఎస్సెస్ 396 కారు 1966 నుంచి 68 దాకా చేసినదైతే నంబరు 138తో మొదలవుతుంది. 1969లో ఎస్సెస్‌ని అదనపు హంగుగా మార్చేశారు. దాంతో నంబరు చూసి చెప్పే వీలు పోయింది. మామూలు కారుకి ఆ బొమ్మలు అతికించి అమ్మేవాళ్లకి అదే అదను. అందుకే అక్కడ ఫ్యాక్టరీ కాగితాలకి అంత విలువ.

మనకి చట్టంతోనూ పని ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని 'వింటేజ్' బండిగా నమోదు చేయించుకోవచ్చు. నంబరు పలకమీద 'వీఏ' అక్షరాలు వస్తాయి. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరగకూడదన్నది షరతు. నమోదయ్యాక రోజువారీ తిరుగుళ్లకి, కిరాయిలకి వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీల్లాంటివాటికే. అంటే, తెలియక ఛాసిస్ కోయించి పొడవు పెంచారా... ఆ గౌరవం చేజారినట్టే.

చివరిగా, బండిని అడిగాక ఇంట్లో పెద్దవాళ్లనీ అడగండి. ఎవరి దగ్గర కొన్నారు, ఇంజిన్ ఎప్పుడు మార్చారు, తీసేసిన పాత ఇంజిన్ ఏమైంది? ట్రంకుపెట్టె అడుగున ఓ పాత బిల్లు దొరికినా దొరకొచ్చు. అన్నీ చూశాక మీ జీపు అతుకులబొంతే అని తేలిందా? బెంగపడకండి. మనసుకు నచ్చిన రంగు వేయించుకుని హాయిగా నడుపుకోండి. అమ్మేటప్పుడు మాత్రం అసలుదని చెప్పకండి!