గంటలు నిండితే పని వచ్చినట్టేనా?

అమెరికా కాలేజీ జట్లలో ఆటగాళ్ల మనసు గురించి మాట్లాడటం ఇప్పుడు కొత్త కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ మానసిక ఆరోగ్యం కోసం పోటీల మధ్యలో తప్పుకున్నాక ఆ సంగతి మాట్లాడే మొహమాటం ఇంకా తగ్గింది. క్రీడా మనస్తత్వ నిపుణుల వృత్తిలోకి రావాలనుకునే పీజీ విద్యార్థులు యూనివర్సిటీ జట్ల దగ్గర ఇంటర్న్‌లుగా చేరతారు. అసోసియేషన్ ఫర్ అప్లైడ్ స్పోర్ట్ సైకాలజీ ఇచ్చే సర్టిఫికెట్‌కు 400 గంటల అనుభవం చూపాలి మరి. గంటలు కావాల్సిందే. అయితే అవి ఇంటర్న్ ఎంతసేపు పనిచేశాడో చెబుతాయి గానీ ఎలా చేశాడో చెప్పవు.

మోకాలి లిగమెంట్ తెగి, ఆపరేషనై, నెలల తరబడి ఆటకు దూరమైన బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి ఒకరు మళ్లీ ఎగిరి దిగాలంటే భయమేస్తోందని ఇంటర్న్‌తో చెప్పిందనుకుందాం. జిమ్ వరండాలో కోచ్ ఎదురై, 'ఏమంటోంది? శనివారం ఆడించొచ్చా?' అంటాడు. 'ఆ మాట ఆమెనే అడగండి కోచ్' అనగలగడం ఈ పనిలో అసలు పరీక్ష. ఆ భయం ఆటతో ఆగుతోందా, నిద్రనూ తిండినీ కూడా పాడుచేస్తోందా అని పసిగట్టి, రెండోదైతే వెంటనే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపడం మరో పరీక్ష. టైమ్‌షీటులో ఈ రెండింటికీ గడి ఉండదు.

ఇంటర్న్ పని బాగుందనడానికి జట్టు గెలిస్తే చాలదా అంటారు కొందరు. ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1925లోనే క్రీడా పరిశోధనశాల నడిపిన కోల్‌మన్ గ్రిఫిత్‌ను 1938లో షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు మానసిక సలహాదారుగా పనిలో పెట్టుకుంది. మేనేజర్ చార్లీ గ్రిమ్ ఆయన మాట చెవిన పెట్టలేదు. అయినా ఆ ఏడాది కబ్స్ నేషనల్ లీగ్ విజేత. గెలుపే కొలమానమైతే, ఎవరూ వినని సలహాదారుకు కూడా నూటికి నూరు వేయాలి!

కాబట్టి ఇంటర్న్ ఎలా పనిచేస్తున్నాడో పర్యవేక్షకుడే స్వయంగా చూసి అంచనా వేయాలి. పర్యవేక్షకుడు పక్కనే కూర్చుంటే గోప్యత ఏం కాను అన్న అభ్యంతరం గెలుపు వాదన కన్నా బరువైనది. ఆటగాడు ఒప్పుకున్న కొన్ని సెషన్లనే రికార్డు చేసి, పర్యవేక్షకుడూ ఇంటర్నూ కలిసి విని, ఆపైన చెరిపేయవచ్చు. అందుకు పర్యవేక్షకుడికి సమయం పడుతుంది, నిజమే. అంత తీరిక లేనివాళ్లు ఇంటర్న్‌ల సంఖ్య తగ్గించుకోవాలి. కోచ్ అభిప్రాయం కూడా తీసుకోవాలి గానీ, ఆ అంచనాపై చివరి సంతకం ఆయనది కాకూడదు. ఆయనదే అయితే, వరండాలో నోరు విప్పని ఇంటర్న్‌కే తక్కువ మార్కులు పడతాయి.