కంచం ముందు తెర వద్దు

పిల్లలకు టీవీ, చిరుతిళ్లు కట్టడి చేయాలా? చేయాలన్నదే మా అభిప్రాయం. ఈ సంచికలో ప్రధాన చర్చ కూడా అదే.

కార్టూన్ పెడితే గానీ ముద్ద దిగని పిల్లలు ఇవాళ ఎన్ని ఇళ్లలో లేరు! కళ్లు తెర మీదే ఉంటాయి. అమ్మ చెయ్యి దగ్గరికి రాగానే నోరు తెరుచుకుంటుంది. తిన్నది పప్పన్నమో పెరుగన్నమో ఆ బిడ్డకు పట్టదు, కడుపు నిండిన సంగతీ తెలియదు. మధ్యలో చిప్స్ ప్రకటన వస్తుంది. సాయంత్రం కొట్టు దగ్గర ఆ ప్యాకెట్టే కావాలని పేచీ. అందుకే ఈ రెంటినీ విడివిడిగా చూడలేం.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి గేటుకు 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మకూడదని మన దేశంలో 2020 నాటి నిబంధన ఉంది. అయినా బడి పక్క కొట్లలో ప్యాకెట్ల దండలు చేతికందే ఎత్తులోనే వేలాడుతున్నాయి.

పిల్లల్ని కసిరి లాభం లేదు. అన్నాల వేళ ముందు పెద్దలు సీరియల్ కట్టేయాలి. డబ్బాలో పల్లీ ఉండలో సున్నుండలో ఉంచాలి. ఈ రాత్రే మొదలుపెట్టండి. మీ ఇంట్లో ఏం మారిందో మాకు రాయండి.