మా ఎర్ర గచ్చు జోలికి రాకండి

ఈమధ్య ఏ ఇంటికి పేరంటానికి వెళ్ళినా ఒకటే మాట. “పాత గచ్చు తవ్వించేసి టైల్స్ వేయించామండీ, చూశారా!” చూశాను. తెల్లగా, అద్దంలా, అచ్చం పక్కింట్లోలాగే ఉంది. బాగుందని చెప్పి, తాంబూలం పుచ్చుకుని, చెప్పులు వేసుకునేదాకా గోడ పట్టుకుని నడిచి వచ్చాను.

ఇప్పుడు ఆ గాలి మా ఇంటికీ తగిలింది. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో మా అత్తవారి ఇల్లు. హాలు, వసారా, రెండు గదులు ఎర్ర గచ్చు, చుట్టూ జానెడు నల్ల అంచు. మాఘంలో బావగారి అమ్మాయి పెళ్ళి. ఈలోగా గచ్చు తవ్వించేయాలని మగవాళ్ళంతా వసారాలో కూర్చుని తేల్చేశారు. టైలు రంగు కూడా ఫోన్లో చూసేసుకున్నారు. ఆ నేల ముప్ఫై ఏళ్ళు తుడిచిన అత్తయ్యని గానీ, ఇరవై రెండేళ్ళుగా తుడుస్తున్న నన్ను గానీ ఒక్క మాట అడిగితే ఒట్టు.

నా కోపం అక్కడే. కాగితాల్లో ఎవరి పేరన్నా ఉండనివ్వండి, రోజూ వంగి దాని మొహం చూసేది మనం. ఏ మూల నీళ్ళు నిలుస్తాయో, ఏ గడప దగ్గర బీట వచ్చిందో మనకి తెలుసు. గోడల రంగు మనల్ని అడుగుతారు, కర్టెన్లు అడుగుతారు. లక్షలు పోసే నేల దగ్గరికొచ్చేసరికి “నీకెందుకు, నీ పని తేలికవుతుందిగా” అంటారు.

తేలికట! ఈ మాట అన్నవాళ్ళ చేతికి వారం రోజులు తడిగుడ్డ ఇవ్వాలి. టైలుకీ టైలుకీ మధ్య సందులో దిగిన పసుపు మరక పాత పళ్ళ బ్రష్షు పెట్టి తోమినా వదలదు. తెల్ల నేల మీద ఒక్క వెంట్రుక పడితే వీధిలోంచి కనపడుతుంది. గచ్చుకి ఆ సందులే లేవు. ఇక జారడం సంగతి. సబ్బునీళ్ళు పడితే గచ్చూ జారుతుంది, కాదనను. కానీ ఆ నునుపు టైలు మీద నాలుగు చుక్కల నీళ్ళు చాలు. మా తోటికోడలి వాళ్ళమ్మగారికి తుంటి విరిగింది అలాగే. మా అత్తయ్యకి డెబ్బై ఎనిమిది. ఇది అందచందాల గొడవ కాదండీ.

“రంగు పోయింది కదా” అన్నది రెండో వాదన. పోలేదు, మాసింది. ఆ ఎరుపు పైన పూసింది కాదు. ఐరన్ ఆక్సైడ్ అంటే తుప్పు జాతి పొడి. ఎండకి వెలవదు, సిమెంటులోని సున్నానికి చెడదు. ఆ పొడిని సిమెంటుతో పొడిగానే కలిపి జల్లించి, గదికి కావలసిందంతా ఒకేసారి కలిపి పెట్టుకుంటారు. రెండోసారి కలిపితే ఛాయ మారిపోతుంది. కింద పరిచిన మాలు ఇంకా పచ్చిగా ఉండగానే పైన ఈ ఎర్ర సిమెంటు పరిచి, తాపీతో నొక్కి నొక్కి గంటల తరబడి రుద్దుతారు. ఆ మెరుపంతా ఆ చేతి నొక్కుడుదే. తర్వాత కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకూడదు. అలా తయారైన నేలని రెండు రోజుల్లో గడ్డపారతో లేపేస్తారట. పోనీ తవ్వకుండా పైనే టైల్స్ వేద్దామంటే నేల ఎత్తు పెరిగి తలుపుల అడుగులు కోయాలి.

మాసినదానికి మందు మన వంటింట్లోనే ఉంది. సబ్బునీళ్ళతో తోమి, పూర్తిగా ఆరాక, కొబ్బరినూనె గుడ్డతో పల్చగా రుద్ది, మిగిలింది పొడిగుడ్డతో లాగేయడం. డబ్బాలో వచ్చే ఎర్ర పెయింటు వద్దు. అది పై పొర, నడిచేచోట పెచ్చులుగా లేస్తుంది. బాత్రూం యాసిడ్ అసలే వద్దు. అది సిమెంటులో సున్నాన్ని తినేసి నేలని పాలిపోయేలా చేస్తుంది.

డల్లాస్‌లో మా ఆడపడుచు కూతురు ఈ మధ్యే హాల్లో కార్పెట్ తీయించి, కింద ఉన్న కాంక్రీటుకి రంగు పట్టించుకుంది. అక్కడ లోహపు లవణాలు కలిపిన యాసిడ్ వాడతారు. అది కాంక్రీటులోని సున్నంతో కలిసి గోధుమ, ఆకుపచ్చ ఛాయలు తెస్తుంది. ఫొటోలు చూసి మా ఇంటిల్లిపాదీ “ఎంత బాగుందో!” అన్నారు. చెట్టినాడు వెళ్ళి ఆత్తంగుడి పలకలు చూసి మురిసిపోయిందీ వీళ్ళే. అవీ గాజు మీద పోసి చేసిన రంగు సిమెంటే కదా! మన ఇంట్లో ఉంటే మాత్రం అది పాతకాలపు గచ్చు.

గచ్చుకి లోపాలు లేవని నేననను. బీటలు వస్తాయి. అతుకు వేస్తే ఛాయ కలవదు, బట్టకి మాసిక వేసినట్టు కనపడుతుంది. ఇప్పుడు ఆ పని వచ్చిన మేస్త్రిని వెతుక్కోవాలి. మా వసారాలోనూ మూడు బీటలున్నాయి. వాటిలో ఎర్ర సిమెంటు నింపించి, మాసికలు కనపడితే కనపడనిమ్మని నా లెక్క. పెళ్ళికొచ్చేవాళ్ళు తివాచీల మీద కూర్చుంటారు గానీ బీటలు కొలవరు.

బావగారి ఎదుట ఇవన్నీ గడగడా చెప్పలేక అత్తయ్యకి చెప్పాను. శుక్రవారం మేస్త్రి కొలతలకి వస్తున్నాడు. “రానీవే. పొద్దున్నే వసారాలో మంచం వాల్చుకుంటా. ఎవడు గడ్డపార ఎత్తుతాడో చూస్తా” అంది.