ఆంగ్లక్రియలు – ఉపసర్గదృష్టి

జహీరాబాదునకు చేరువగా, కన్నడసీమ అంచున నున్న మొగుడంపల్లి 2016లో మండల కేంద్రమైనది. ఇచట తెలుగుతోపాటు కన్నడము, ఉర్దూ వినబడును. ఆంగ్లము ఇంట వినబడుట అరుదు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుండి ఆంగ్లమాధ్యమము ప్రవేశించిన పిదప, ఇట్టి గ్రామముల పిల్లలను మిక్కిలి వేధించునది 'ఫ్రేజల్ వర్బ్' అను క్రియాసముదాయము. 'పుట్' అనగా ఉంచుట. 'పుట్ ఆఫ్' అనగా వాయిదా వేయుట. 'పుట్ అప్ విత్' అనగా సహించుట. అవయవార్థము తెలిసినను సముదాయార్థము చిక్కదు. పట్టిక నిచ్చి వల్లింపు మనుటయే నేడు తరచు జరుగుచున్న బోధన. వల్లించుట పాఠశాలలో చదివిన మాబోంట్లకు పరాయిది కాదు. కాని మేము అమరము వల్లించునపుడు వ్యుత్పత్తి చెప్పు గురువు ఎదుట నుండెడివాడు.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. హృధాతువొక్కటే ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము అని ఎన్ని విధముల మారినదో మన ప్రథమ విద్యార్థియు నెరుగును. ఉపసర్గ విడిగా అర్థము చెప్పజాలదని శాకటాయనుడును, దానికి నానార్థములు కలవని గార్గ్యుడును తలచినట్లు యాస్కుడు నిరుక్తమున తెలిపినాడు. 'అప్' అనగా నేమని అడుగు బాలుడు ఈ వివాదము నడుమనే నిలిచియున్నాడు. బోధనకు గార్గ్యపక్షమే మేలని నా అభిప్రాయము. 'ఈట్ అప్', 'డ్రింక్ అప్', 'యూజ్ అప్' అనువానిలో 'అప్' పరిసమాప్తిని తెలుపునని చెప్పినచో మూడును ఒక్కసారి పట్టుబడును. 'గివ్ అప్' వంటి చోట మాత్రము శాకటాయనుడే శరణ్యము.

స్థానవిషయమున పాణిని మరింత తోడ్పడును. ఉపసర్గ ధాతువునకు ముందుండవలెనని 1.4.80 సూత్రము, ఛందస్సున తరువాతను, వ్యవహితముగను ఉండవచ్చునని తరువాతి రెండు సూత్రములు. ఆంగ్లమున 'పుట్ ఇట్ ఆఫ్' సాధువు, 'పుట్ ఆఫ్ ఇట్' అసాధువు. 'లుక్ ఆఫ్టర్ హిమ్' అనవలెనే కాని 'లుక్ హిమ్ ఆఫ్టర్' అనరాదు. ఏలయన ఇచట 'ఆఫ్టర్' సర్వనామము నాశ్రయించినది. కర్మప్రవచనీయములు తలపునకు రాక మానవు. సామ్యము సంపూర్ణమని నే ననను. కర్మప్రవచనీయము క్రియార్థమును మార్చదు, 'ఆఫ్టర్' మార్చుచున్నది.

శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలో, విదేశీయులకు మిక్కిలి కష్టమైనది ఈ క్రియారచనయే యని ఒప్పుకొన్నాడు. మన పిల్లవాడు అంత విదేశీయుడు కాడు. 'లోబడు' అన్నపుడు లోపల పడుట యని అతడు తలచునా? 'గివ్ ఇన్' అదియే. 'చూచుకొను' అనగా చూచుట కాదని తెలిసినవానికి 'లుక్ ఆఫ్టర్' దుర్గ్రహము కారాదు.

శాస్త్రమును ఆంగ్లమునకు ఊడిగము చేయించుచున్నా రని కొందరు పండితులు కినియవచ్చును. ఇట్టి కినుకతోనే మన కళాశాలలలో వ్యాకరణాచార్యుడును ఆంగ్లోపన్యాసకుడును ఒకే కప్పు క్రింద నుండియు పలుకరించుకొనరు. ఈ యిరువురును కలిసి కూర్చుండి ఒక పాఠమును సిద్ధపరచి, గ్రామపాఠశాలలకు భాషోపాధ్యాయులుగా వెళ్లబోవు మన విద్యార్థుల చేతి కీయవలెను. తొలి పాఠమునకు 'అప్', 'ఆఫ్', 'అవుట్' అను మూడు చాలును.