దోహాకు చేరని బ్యాలెట్

2024 జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ రాగానే ఖతార్‌లోని తెలుగువాళ్ల ఫోన్లు సీట్ల లెక్కలతో నిండిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి 94 నుంచి 104 స్థానాలని సర్వే నిర్వాహకుడు ఆరా మస్తాన్ చెప్పారు. జూన్ 4న ఆ పార్టీకి దక్కినవి 11. తెలుగుదేశం కూటమిదే గెలుపన్న యాక్సిస్ మై ఇండియా కూడా 120 దగ్గరే ఆగింది, వచ్చినవి 164. కేకే సర్వేస్ 161 అని దగ్గరకు రాగలిగింది. అంతకుముందు 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రలో మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ చెప్పిన జోస్యాలు రెండూ తారుమారయ్యాయి. ఎంతమందిని అడిగారు, ఏ ఊళ్లలో అడిగారు, డబ్బు ఎవరిచ్చారు అన్నది బయటపెట్టని సర్వేను ప్రసారం చేయనివ్వకూడదు.

ఊళ్లో ఉన్నవాడికి సర్వే తప్పినా పెద్ద నష్టం లేదు. తన తీర్పు తాను చెప్పేశాడు. ఖతార్ రాజధాని దోహాలో ఉన్నవాడికి ఎన్నికల్లో మిగిలింది ఆ సర్వేలే. 2011 నుంచి ప్రవాసులు ఫారం 6ఎ నింపి ఓటర్లుగా నమోదు కావచ్చు. ఓటు వేయాలంటే మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి పోలింగ్ కేంద్రానికే రావాలి. జగిత్యాల నుంచో, కడప నుంచో వెళ్లి, కంపెనీ సెలవిస్తే రెండేళ్లకోసారి ఇల్లు చూసే తాపీ మేస్త్రీ పోలింగ్ జరిగిన మే 13, సోమవారం నాడు ఎలా వస్తాడు? 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా నమోదైన ప్రవాస ఓటర్లు 1.19 లక్షలు. ఓటేసింది 2,958 మంది. వారిలో 2,670 మంది కేరళవారే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మందికి 195 మంది.

దోహాలోని మన రాయబార కార్యాలయంలో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగికి సర్వీస్ ఓటరుగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పోస్టల్ బ్యాలెట్ అందుతుంది. అదే కార్యాలయంలో పాస్‌పోర్టు రెన్యువల్ కోసం నిలబడ్డ కూలీకి అందదు. ఈ తేడాకు న్యాయమైన కారణం ఒక్కటీ లేదు. ఖతార్‌లో ఉన్న ఫిలిప్పీన్స్ పౌరులు తమ దేశం 2003లో చేసిన చట్టంతో అక్కడి నుంచే ఓటేస్తున్నారు. 2025లో ఆన్‌లైన్‌లోనే వేశారు. కాబట్టి గల్ఫ్‌లో ఇది సాధ్యం కాదన్న వాదన నిలవదు.

లండన్‌లో ఉంటున్న చిందం నాగేందర్ ప్రవాసులు ఉన్నచోటి నుంచే ఓటేసే హక్కు కోసం 2013లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రవాసుల తరఫున మరొకరు ఓటేసేందుకు 2018లో లోక్‌సభ ఆమోదించిన ప్రాక్సీ ఓటు బిల్లు రాజ్యసభ గడప దాటకుండానే మరుసటి ఏడాది మురిగిపోయింది. ఆ బిల్లు పోయినందుకు మాకు విచారం లేదు. తన ఓటును మరొకరి చేతిలో పెడితే రహస్యం పోతుంది. ఆ మరొకరిపై ఊరి పెద్దల ఒత్తిడి పడుతుంది. బ్యాలెట్టే ఓటరు చేతికి రావాలి. లేబర్ క్యాంపులో మేనేజరు కళ్లెదుట కాకుండా, సెలవు రోజైన శుక్రవారం, రాయబార కార్యాలయంలో తెర చాటున ఓటు వేయించాలి. దూరపు క్యాంపులకు బస్సులు పెట్టాలి.

ప్రవాసులకు ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వవచ్చని ఎన్నికల సంఘమే 2020 నవంబరులో కేంద్ర న్యాయశాఖకు రాసింది. దానికి పార్లమెంటులో చట్టం కూడా అక్కర్లేదు, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు సవరిస్తే చాలంది. ఆ సవరణ నేటికీ రాలేదు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఆ దస్త్రం ఏ బల్ల మీద ఆగిందో వారు వచ్చే సమావేశాల్లోనే ప్రభుత్వాన్ని నిలదీయాలి. 2028 తెలంగాణ ఎన్నికలకు దోహాలో బ్యాలెట్ సిద్ధంగా ఉండాలి.