గడువు తీరినా తీరనివి

మనిషికి మతిమరుపు ఉన్నంతకాలం జాబితాలకు లోటుండదు. మా అమ్మ కొంగుకు ముడి వేసుకునేది. ఉప్పు తెప్పించాలంటే ఒక ముడి, చీటీ డబ్బు కట్టాలంటే ఇంకొకటి. పని కాగానే ముడి విప్పేది. కొంగుకు నాలుగు ముళ్లకంటే పట్టవు గనుక ఆమె ఐదో పని పెట్టుకునేది కాదు. నేను ఎం.ఏ. చదివినవాణ్ణి. నాకు కొంగు లేదు, ఫోను ఉన్నది. ఫోనుకు ఎన్ని ముళ్లయినా పడతాయి. వచ్చిన చిక్కల్లా అదే.

పనుల పట్టిక రాసుకునే యాప్ నా ఫోనులో చేరి చాలా ఏళ్లయింది. మొదట నేను వాడింది వండర్‌లిస్ట్ అని పేరుగలది. దానిని 2015లో మైక్రోసాఫ్ట్ వారు కొన్నారు. 2020 మే 6న మూసివేశారు. మూసేలోగా ఎవరి పట్టికను వారు వేరే యాప్‌లోకి దించుకోవచ్చునన్నారు. లాక్‌డౌన్‌లో ఇంటిపట్టున కూర్చున్న నేను దిగుమతి బొత్తాం నొక్కాను. తెరమీద ఏమీ కదల్లేదు. ఓర్పు చాలక మరోసారి నొక్కాను. తీరా చూస్తే రెండుసార్లూ పని జరిగింది! ఆనాటి నుంచి నా పనులన్నీ కవలపిల్లలైనవి. ఆపైన ఏటేటా పుట్టుకొచ్చినవి సరేసరి.

మా చెల్లెలి కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఒక ఆదివారం చౌటుప్పల్ వచ్చి నా ఫోను చూచి, "ఏంది మామా, ఇవి పనులా, మన మండలం ఓటర్ల లిస్టా?" అన్నాడు. లెక్క 1,846.

"రాసుడు మీద ఉన్న సోయి చేసుడు మీద ఉంటే గిట్లెందుకైతది అల్లుడా!" అని వంటింట్లోంచి మా ఆవిడ తీర్పు చెప్పేసింది.

తీసేద్దామంటే అదీ తేలిక కాదు. మా యాప్‌లో అన్నిటినీ ఒక్కసారిగా తుడిచే బొత్తాం లేదు. ఒక్కొక్క పనినీ తెరిచి, మూడు చుక్కలు తట్టి, తీసివేయమని చెప్పి, 'నిజంగానేనా?' అంటే ఔనని మళ్లీ నొక్కాలి. పనికి నాలుగు నొక్కులు. వెరసి 7,384. గుణించింది నేనే.

ఒకే కదలికను వేలసార్లు చేయవలసి వచ్చినచోటే పనిముట్టు పుడుతుంది. దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ నూలును తిప్పుతూ చేతిని రోజంతా ఆడిస్తూనే ఉండాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసుయంత్రాన్ని పూర్తిచేశారు. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసుయంత్రమని పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వారిని వెతుక్కుంటూ వచ్చింది. మావాడికి అంత పెద్ద ఆశయమేమీ లేదు. మామ బొటనవేలి మీద జాలి, అంతే.

"నేనొక చిన్న టూల్ రాస్తా మామా" అని లాప్‌టాప్ తెరిచాడు. వాడు చెప్పిన మర్మం ఇది. యాప్‌కు రెండు ద్వారాలుంటాయట. మనం వేళ్లతో తట్టే తెర ముందు వాకిలి. పక్కన ఇంకొక కిటికీ ఉంటుంది. దాన్ని ఏపీఐ అంటారు. అది మనుషుల కోసం కాదు, ఇతర ప్రోగ్రాముల కోసం. మన ఖాతా తాళంచెవి చూపించి 'ఈ పట్టిక ఇవ్వు', 'ఫలానా నంబరు పనిని తుడిచేయి' అని ఆ కిటికీ దగ్గర అడగవచ్చు. ప్రతి పనికీ మనకు కనబడని నంబరొకటి ఉంటుంది మరి. పైథాన్ భాషలో ముప్పై నలభై పంక్తులు రాసి, రెండేళ్లకు మించి గడువు దాటిన పనులన్నీ పోయేటట్లు ఏర్పాటు చేశాడు. "నొక్కనా మామా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా ఎదురింటి పెద్దాయన చాయకు వచ్చారు. తహసీలు కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరైనవారు. సంగతి విని కప్పు కింద పెట్టేశారు. "గట్ల ఎట్ల తీసేస్తరు సారూ! మా కచేరీల పని ముగిసిన ఫైలుకు కూడ ఒక ముద్ర ఉండేది. ఆర్.డిస్. అంటే ఎన్నటికీ ఉంచాలె. డి.డిస్. అంటే పదేండ్లు. ఎల్.డిస్. అంటే ఏడాది. తీసేసే రోజు గూడ ముందు లిస్టు రాసి, పెద్దసారు సంతకమైనంకనే కట్ట కదిలేది."

కంప్యూటరు నేర్చిన మా అల్లుడు కచేరీ నేర్చిన ఆ పెద్దాయన మాట కాదనలేకపోయాడు. మళ్లీ మొదటినుంచి రాశాడు. ముందుగా పట్టిక మొత్తానికీ ఒక నకలు తీసి విడిగా దాచడం. ఆపైన మూడు కుప్పలు: ఉంచేవి, పోయేవి, చూచి తేల్చవలసినవి. అసలు పనికి ముందు ఉత్తుత్తి పరుగు ఒకటి. అంటే ప్రోగ్రాము అంతా నడుస్తుంది గాని దేన్నీ తుడవదు. 'తుడిస్తే ఇవి పోతాయి' అని చూపి ఊరుకుంటుంది.

ఆ ఉత్తుత్తి పరుగులోనే మా తొందరపాటు బయటపడింది. 'ఇంటి సంగతులు' అనే పెద్ద పనికి 2021లోనే గడువు దాటింది. దాని కింద ఉన్న పిల్లపనుల్లో వచ్చే నెల కట్టవలసిన ఇంటి పన్ను ఒకటి. తల్లిని తుడిస్తే పిల్లలు కూడా పోవడం మా యాప్ ధర్మం. కవలలను ఏరడంలోనూ అంతే. పేరు ఒకటైతే చాలుననుకున్నాం. నెలనెలా వచ్చే కరెంటు బిల్లుకు పేరొకటే అయినా తేదీలు వేరు గదా! పేరూ తేదీ రెండూ కలిస్తేనే కవలలని సవరించవలసి వచ్చింది.

ఇక సంతకం పెట్టవలసిన పెద్దసారును నేనే గనుక, పోయేవాటి జాబితాను ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను. వ్యాకరణం నోట్సు తిరగరాయాలి. సైకిలుకు గాలి కొట్టించాలి. ఆ సైకిలే ఇప్పుడు లేదు. నవ్వుకుంటూ పోతున్నవాణ్ణి ఒకచోట ఆగాను.

'కవితల నోటుబుక్కు చదివి చెప్పాలి. 2019 నవంబరు 20.'

దాని కింద దాని కవల.

ఆ అమ్మాయి మా కళాశాలలో బి.ఏ. చివరి ఏడు చదివేది. నేత ఇంటి పిల్ల. క్లాసు అయిపోయాక వరండాలో నిలబడి, రెండు చేతులతో నోటుబుక్కు అందించి, "తీరినప్పుడు చూడండి సార్" అన్నది. నేను ఆమె ఎదుటనే ఫోను తీసి యాప్‌లో రాసుకున్నాను. రాసుకున్నాను గనుక నిశ్చింతగా మరచిపోయాను.

అర్ధరాత్రి బీరువా వెతికితే పాత ప్రశ్నపత్రాల కింద దొరికింది. తెల్లవారేలోగా చదివేశాను. చాలావరకు ఆ వయసులో అందరూ రాసేవే. నాలుగు మాత్రం అలాంటివి కావు. రంగు వదలని తల్లి చేతుల మీద రాసినదొకటి ఉన్నది. ఇరవై ఏళ్లుగా కవిత్వం పాఠం చెబుతున్న నాకు అటువంటి పంక్తి ఒక్కటీ చేతకాలేదు.

అట్టలోపల నంబరు ఉంటే పొద్దున్నే ఫోను చేశాను. హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో లెక్కలు చూస్తున్నదట. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. నోటుబుక్కు మాట ఎత్తేసరికి కొంచెంసేపు మాట్లాడలేదు.

"మీరేమీ అనకపోతే, మంచిగ లేవని చెప్పలేక ఊకున్నరనుకున్న సార్. తర్వాత మళ్ల రాయలేదు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ నాలుగింటిలో ఏది ఎందుకు బాగున్నదో, తక్కినవి ఎక్కడ చెడినవో మార్కులు దిద్దినట్లు కాక మనిషితో చెప్పినట్లు చెప్పాను. "నోటుబుక్కు ఇంక ఉన్నదా సార్?" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు.

పదిరోజులకు మావాడు మళ్లీ వచ్చాడు. పోయేవి 1,502, ఉంచేవి 301, తేల్చవలసినవి 43. ఉత్త 'సరే' అంటే ఒప్పుకోదు. 1502 అని చేత్తో అంకె కొడితేనే పని మొదలవుతుంది. కొట్టాను. ఒక్క విసురున తుడిచేస్తుందనుకుంటే సెకనుకొకటి చొప్పున తీరిగ్గా తుడవసాగింది. కారణమడిగితే, "సంక్రాంతికి మన పంతంగి టోల్‌గేటు చూస్తలేవా మామా? అన్ని బండ్లు ఒక్కసారే వస్తే ఏమైతది?" అన్నాడు. కిటికీ దగ్గర తొక్కిసలాట చేస్తే 429 అనే అంకె చూపి ఆగమంటారట. పాతిక నిమిషాల్లో 1,500 పోయినవి. మిగిలిన రెండూ తల్లిపనులతోపాటు ముందే పోయినవని చిట్టాలో తేలింది.

నేను ఆ టూల్‌ను తప్పుపట్టను. బ్రహ్మాండమైన పని చేసింది. దానికి తెలిసింది గడువు. గడువు తీరిందా లేదా అని క్షణంలో చెబుతుంది. బాకీ తీరిందా లేదా అన్నది తేదీలో ఉండదు. అది పట్టిక చదివే మనిషికే తెలియాలి. మీ ఫోన్లలోనూ ఇటువంటి పట్టికలుంటే నిరభ్యంతరంగా తుడవండి. తుడిచేముందు ఒక్కసారి చదవండి. ఎవరో ఒకరు ఏళ్ల తరబడి మీ జవాబు కోసం చూచి, చూచి, మానేసి ఉండవచ్చు.

దసరాకు ఊరికి వచ్చినప్పుడు నోటుబుక్కు తీసుకుపోతానన్నది ఆ అమ్మాయి. ఈ సంగతి యాప్‌లో రాసుకోలేదు. బీరువా పిడికి నా తువ్వాలు ముడివేసి ఉంచాను. ఎందుకని మా ఆవిడ అడగలేదు. ఉతకడానికి మాత్రం వేరే తువ్వాలు తీసుకుపోయింది.