రేడియో అక్కయ్య నేర్పిన ఓపిక

ఆడవాళ్లం నలుగురం ఒకచోట చేరితే ఈమధ్య వినిపించే మాట ఇదే: "మా పిల్లోడు ఇంట్లో నోరే విప్పడు వదినా, ఎప్పుడు చూసినా ఆ ఫోనే." నిజమే, కాదనను. కానీ వాడు నోరు విప్పిన రోజున మనలో ఎంతమందిమి చేతిలో పని ఆపి విన్నాం? ఈ సంగతిలో మనకు పనికొచ్చే మనుషులు కొందరున్నారు. ఈ వారం వాళ్ల గురించి చెప్పుకుందాం.

రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే మన అమ్మల తరం వాళ్లకు వేరే పరిచయం అక్కర్లేదు. వాళ్ల అసలు పేర్లు న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. భార్యాభర్తలు. 1938లో మద్రాసులో రేడియో కేంద్రం మొదలైంది. ఆ తర్వాత కొద్ది కాలానికే తెలుగు పిల్లల కార్యక్రమాలు వీళ్ల చేతికి వచ్చాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదుకు వచ్చి, అక్కడా అదే పని కొనసాగించారు.

ఇంగ్లండులో బి.బి.సి. వాళ్లు 1922లోనే పిల్లల కోసం రేడియోలో ఒక గంట కేటాయించారు. అందులో మాట్లాడేవాళ్లను అక్కడి పిల్లలు అంకుల్ అనీ, ఆంటీ అనీ పిలిచేవారు. మనవాళ్లు మాత్రం మామయ్య, అత్తయ్య అనిపించుకోలేదు. అన్నయ్య, అక్కయ్య అనిపించుకున్నారు. ఆలోచిస్తే ఇందులో ఎంతో ఉంది. పెద్దవాళ్లంటే పిల్లలకు కాస్త జంకు ఉంటుంది. అక్క దగ్గర అది ఉండదు. ఆమె జడ వేస్తుంది, అప్పుడప్పుడు మొట్టికాయ కూడా వేస్తుంది, అయినా మనసులో మాట ఆమెకే చెప్పుకుంటాం.

బాలానందం కార్యక్రమంలో పాట పాడేది పిల్లలు. నాటిక వేసేదీ, పొడుపుకథ విప్పేదీ పిల్లలే. అన్నయ్య, అక్కయ్య వెనక ఉండి అందించేవారు. పిల్లల కోసం రేడియో అంటే పెద్దవాళ్లు కూర్చుని నీతులు చెప్పడం కాదని వాళ్లు చేసి చూపించారు. 1945లో 'బాల' అనే పత్రిక కూడా పెట్టారు. ముళ్లపూడి వెంకటరమణ గారు చిన్నప్పుడు రాసిన తొలి కథ అచ్చయింది అందులోనే. బాపు గారు చిన్ననాడు వేసిన బొమ్మలూ అందులోనే వచ్చాయి. ఆ పిల్లలు ముందుముందు ఎంతవాళ్లవుతారో అప్పుడెవరికి తెలుసు? చిన్నవాళ్ల రాతే కదా అని పక్కన పెట్టేసి ఉంటే ఏమయ్యేదో!

కామేశ్వరి గారు 1980లో, రాఘవరావు గారు 1984లో కన్నుమూశారు. అయితే హైదరాబాదు రేడియోలో అక్కయ్య గొంతు ఆగిపోలేదు. రచయిత్రి తురగా జానకీరాణి గారు ఆ స్థానంలోకి వచ్చారు. 1974లో ఆమె భర్త కృష్ణమోహనరావు గారు రోడ్డు ప్రమాదంలో పోయారు. ఇద్దరు ఆడపిల్లల భారం ఆమె మీద పడింది. ఇంట్లో అంత కష్టం పెట్టుకుని, మైకు ముందు ఊరి పిల్లలందరికీ అక్కయ్యగా నవ్వుతూ మాట్లాడటం మాటలు కాదు. అదీ ఏళ్ల తరబడి. కథలు రాశారు, నాటికలు రాశారు, ఎందరో పిల్లల చేత మాట్లాడించారు. 2014లో ఆమె పోయినప్పుడు, ఆనాటి పిల్లలు వయసు మీద పడినవాళ్లయి కూడా అక్కయ్య అనే తలచుకున్నారు.

ఇదంతా మన సి.బెళగల్ వైపు ఇళ్లకు ఎందుకంటారా? చెబుతాను. ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు చుట్టుపక్కల వానలు మోసం చేసిన ఏడు ఎన్నో కుటుంబాలు సుగ్గికి పోతాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు బండెక్కితే మళ్లీ ఎన్నాళ్లకో రావడం. కొందరు పిల్లలు అమ్మానాయనల వెంట పోయి బడి పోగొట్టుకుంటారు. కొందరు ఊళ్లో అవ్వ దగ్గర మిగిలిపోతారు. ఆ పిల్లలకు అమ్మ అంటే రాత్రిపూట ఫోన్‌లో వినిపించే గొంతే. కళ్లెదుట లేని పిల్లలతో గొంతు ఒక్కదానితోనే చుట్టరికం కలుపుకోవడం రేడియో అక్కయ్య చేసిన పని. ఈనాడు ఆ పని ఎందరో తల్లుల మీద పడింది.

అందుకని ఫోన్ చేసినప్పుడు "తింటివా? బడికి పోతివా?" అని అడిగి పెట్టేయకండి. దానికి ఊ అనడం తప్ప వాడు చెప్పేదేముంది? "ఈపొద్దు బడిలో ఎవరు నవ్వించినారు?" అని అడగండి. "నిన్న చెప్పిన కథ తర్వాత ఏమాయె?" అనండి. ఒక పొడుపుకథ వేసి జవాబు రేపు చెప్పమనండి. మర్నాడు మీ ఫోన్ కోసం వాడే ఎదురుచూస్తాడు.

ఇంటిపట్టున ఉండే తల్లులకూ ఇదే మాట. పొయ్యి మీద జొన్నరొట్టె కాలేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా చెప్పమనండి. మధ్యలో తప్పులు దిద్దకండి. పద్యం మరిచిపోతే మొదటి మాట అందించి ఊరుకోండి. చెల్లెలు చెప్పేటప్పుడు అన్న అడ్డం వస్తే, వాడి వంతు తర్వాతని చెప్పండి. అవ్వ ఉంటే ఆమె చేత ఒక పాత కథ చెప్పించి, మర్నాడు అదే కథ పిల్లల నోట చెప్పించండి. రోజూ ఒక పావుగంట చాలు. ఆ పావుగంట టీవీ, ఫోన్ రెండూ కట్టేసి ఉంచాలి. మన ఫోన్ కూడా సుమా!